ఎడమవైపు పెట్రోలు మూత

హిందూపురంలోని మా ప్రెస్సులో కాగితాలు కోసే మిషను ఉంది. దాని బ్లేడు మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. ఆ బ్లేడు ఇప్పటికే నా ఎడమ బొటనవేలి కొసను ఒకసారి తీసుకుంది. దాని ముందు అబద్ధమాడే ధైర్యం నాకు లేదు.

నాకు పాత కార్ల బ్రోషర్లు పోగుచేసే రోగం ఉంది. ఒకప్పుడు కొత్త కారు కొనబోయేవాళ్ల చేతిలో షోరూమువాళ్లు పెట్టిన రంగురంగుల మడత కాగితాలు అవి. పాత పుస్తకాల అంగళ్లలో, చిత్తుకాగితాల మూటల్లో ఏరి తెచ్చి ఒక ట్రంకు పెట్టె నింపాను. ప్రేమతో అనుకునేరు. రోతతో. పెళ్లిపత్రికలో వియ్యంకుడి ఇంటిపేరుకు ఒక కొమ్ము తగ్గిందని మొత్తం పత్రికలు మళ్లీ అచ్చువేసి ఇచ్చినవాణ్ని నేను. అంతంత కంపెనీలు అంత నున్నటి కాగితం మీద సిగ్గులేకుండా తప్పులు అచ్చువేస్తే నాకు ఒళ్లు మండదా?

ఒకదానిలో కారు పచ్చగడ్డిలో నిలబడి ఉంటుంది. దాని చక్రాల కింద ఒక్క గడ్డిపోచ వంగదు. ఇంకొకదానిలో కారు పక్కన కుక్క నీడ ఉంటుంది, కుక్క ఉండదు. కంపెనీలో ఎవరికో ఆ కుక్క నచ్చలేదు, దాన్ని చెరిపినవాడికి నీడ సంగతి గుర్తురాలేదు. మరొకదానిలో వెనక సీట్లో ముగ్గురు కాళ్లు బారజాపుకుని నవ్వుతుంటారు. స్కేలు పెట్టి కొలిచి చూశాను. ఆ లెక్కన వాళ్లు మూడడుగుల మనుషులు. కారు పెద్దగా కనపడాలని మనుషుల్ని కుదించారు, అంతే. అన్నిటికన్నా రోత పుట్టించేది హీటరు బ్రోషరు. వెనక మంచుకొండలు వేసి, మన దేశపు ఎండల్లో తిరగాల్సిన కారులో హీటరు ఉందని రెండు పేరాలు గొప్పలు చెప్పుకున్నారు. ఏప్రిల్ నెలలో పెనుకొండ కోట కింద ఆ హీటరు వేసుకుని కూర్చున్నవాడిని ఉడకబెట్టిన శెనక్కాయల్లో కలిపి అమ్మేయవచ్చు.

ఇంత తెలిసినవాణ్ని, అటువంటి కాగితాన్నే తీసుకెళ్లి మా మేనమామ చేతిలో పెట్టాను.

మామ ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి. ఆయన నాయన, అంటే మా తాత, వయసులో ఉన్నప్పుడు కొన్న కారు ఇప్పటికీ మామ దగ్గరే ఉంది. బెంగళూరులో పాత కార్ల ప్రదర్శనకు దాన్ని తీసుకుపోవాలని ఆయన కోరిక. అక్కడ కారు పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలట, ఏ భాగం మార్చినా పక్కకు నెట్టేస్తారట. మామకు బహుమతుల మీద ఆశ లేదు. “మా నాయన బండి ఇది, ఆయప్ప ఎట్ల కొన్నాడో అట్లనే ఉండాది అని పదిమంది ముందర చెప్పల్ల” అనేవాడు. అందుకే పెనుకొండలో హైవే పక్కనున్న షెడ్డులో మేస్త్రికి దాన్ని అప్పగించాడు.

సరిగ్గా ఆ కారు బ్రోషరే నా పెట్టెలో దొరికింది. గొప్పకు పోయి ఇచ్చి వచ్చాను.

ఒక సంగతి మరిచాను. మామ పనిలో చీర కంటే ముందు పుట్టేది కాగితం. పువ్వూ నెమలీ అంచూ అన్నీ గళ్ల కాగితం మీద గీశాకే మగ్గం కదులుతుంది. నేసి తెచ్చిన చీరను మామ పరుపు మీద పరిచి, పక్కన ఆ కాగితం పెట్టుకుని, భూతద్దంతో పువ్వుకు పువ్వు సరిచూస్తాడు. తేడా వస్తే తప్పు చీరదే. ఇన్నేళ్లలో ఆయన కాగితాన్ని తప్పుపట్టింది లేదు.

వారం తిరక్కుండానే మేస్త్రి ఫోను చేశాడు. “అప్పా, మీ మామ బండిని కొయ్యమంటాండాడు. నా మాట ఇనడంల్యా. నువ్వు బిన్నా రా, జాగు చెయ్యాకు.”

బస్సెక్కి పోయాను. షెడ్డులో కారు పక్కన స్టూలు, స్టూలు మీద బ్రోషరు, బ్రోషరు మీద భూతద్దం, దాని మీద మామ. కారు వెనక ఎడమ రేకు మీద సుద్దముక్కతో గీసిన గుండ్రటి గీత. మేస్త్రి చేతిలో కట్టర్.

“చూడప్పా అల్లుడా” అన్నాడు మామ. “కాగితంలో పెట్రోలు మూత ఎడంపక్క ఉండాది. మన బండికేమో కుడిపక్క.”

“అయితే?”

“అయితే ఏముండాది. మా నాయన ఒగసారి ఎనుమును గుద్దినాడు. ఆ రిపేరీలో ఎవడో పనికిమాలినోడు పక్క మార్చేసినాడు. కుడిపక్క మూసేసి ఎడంపక్క తెరిపిస్తాండా.”

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. “సామీ, రేకు మార్చిన గుర్తే లేదు. ఈ మూత పక్కన చూడండి, అరచేయంత మేర పెయింటు అరిగిపోయుండాది. పెట్రోలు పోయించినప్పుడల్లా మీ నాయన ఈడ చెయ్యి ఆనించి నిలబడినట్లుండాడు.”

“అది ఎవరి చెయ్యో నీకెట్ల తెలుసు? కాగితం ఉండాది కదా.”

“కాగితంలో పెట్రోలు పోస్తారా సామీ.”

“గమ్మునుండప్పా. నువ్వు కొయ్యి.”

తాత అలా నిలబడడం నేనూ చూశాను. రేకుకు చెయ్యి ఆనించి, తల వంచి, లోపల పెట్రోలు పడే చప్పుడు వినేవాడు. ఏ పక్క నిలబడేవాడని అడిగితే మాత్రం చెప్పలేను. ఆ వయసులో నా చూపంతా బంకు పక్క అంగట్లో బోండాల మీద ఉండేది.

బ్రోషరు అందుకున్నాను. బొమ్మలో కారు పక్కనుంచి కనిపిస్తోంది. అద్దాలన్నీ ఎండకు తెల్లబడి స్టీరింగు ఏ వైపుందో తెలియదు. కింది జాబితాలో సిగరెట్టు బూడిద డబ్బా రెండుసార్లు ఉంది, పెట్రోలు మూత ఊసే లేదు. కారు ముందు ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. మగమనిషి చొక్కా జేబు కుడి ఎదమీద ఉంది. గడియారం కుడిచేతికి ఉంది. బ్రోషరు ఇచ్చే ముందు అది చూడలేదంటే, ఇన్నేళ్లు అచ్చుపని చేసింది నేనేనా?

“మామా, ఫిలిమును తిరగేసి అచ్చేసినారు. బొమ్మలో ఎడమంతా కుడి, కుడంతా ఎడమ.”

“కుడిపక్క జేబు కుట్టించుకునేవాళ్లు ఉండరా? ఆయప్ప ఎడంచేతి వాటం ఏమో.”

“ఆయమ్మ చీర చూడు.”

“నైలాను చీర. దాన్ని నేనేమిటికి చూడల్ల?”

“కొంగు చూడు మామా.”

మొహం ముడుచుకునే భూతద్దం దించాడు. దాన్ని కొంగు వెంబడి జరుపుకుంటూ పోయాడు. తర్వాత తనలో తాను చెప్పుకున్నట్లు అన్నాడు: “ముందర నుంచి కుడి భుజం మీదికి పోయి, ఎనక్కి పడింది. గుజరాతీ కట్టు అనుకుందామంటే, అదైతే ఎనక నుంచి ముందరికి రావల్ల.” భూతద్దం పక్కన పెట్టాడు. “ఇట్ల యాడా కట్టరప్పా.”

మేస్త్రి కట్టర్ కింద పెట్టాడు. గుడ్డముక్క తీసుకుని సుద్దగీత తుడిచేశాడు. ముగ్గురం టీ తాగాము. ఆ తర్వాత మామ బెంగళూరు పోయి, తాత చెయ్యి అరగదీసిన చోటును పదిమందికీ వేలుపెట్టి చూపించి వచ్చాడు.

ఇక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను. కానీ బ్లేడు మీద చెయ్యిపెట్టానే.

సుద్దగీత తుడిచామన్నది, టీ, బెంగళూరు, ఆ నాలుగు వాక్యాలూ నా కల్పన; నేను పోయేసరికి రేకు మీద సుద్దగీత ఉందన్నదీ అంతే. మాటలన్నీ నిజంగానే అనుకున్నాం, అయితే కోత అయిపోయాక అనుకున్నాం. ఫోను వచ్చింది పొద్దున. ఆ ముందురోజే నాకొక కొత్త బ్రోషరు దొరికింది, అందులో తప్పులు వెతుకుతూ కూర్చుని మధ్యాహ్నం బస్సుకు పోయాను. నేను చేరేసరికి ఎడమ రేకుకు బొక్క పడింది. కుడివైపు మూత తీసేసి, రేకు అతికి, నున్నగా రుద్దేశారు. మేస్త్రి నాకు చూపించిన ఆ అరిగిన చోటు కారు మీదిది కాదు, కొయ్యకముందు తన ఫోనులో తీసి పెట్టుకున్న ఫోటోలోది. “నువ్వు కొయ్యి” అని మామ పొద్దున అన్నమాటను మళ్లీ చెప్పింది కూడా మేస్త్రే.

కొంగు చూశాక మామ లేచి కారు చుట్టూ తిరిగి కుడివైపుకు పోయాడు. రంగు వెయ్యని కొత్త రేకు మీద అరచెయ్యి ఆనించాడు.

“ఈడనా?” అని మేస్త్రిని అడిగాడు.

మేస్త్రి ఫోను చూసి, మళ్లీ రేకు చూశాడు.

“ఇంకొంచెం కిందికి, సామీ.”