పదిహేడో నంబరు

మలంచా బజారులో ఆటో కోసం నిలబడి ఉండగా మాస్టారు పోయారని ఫోనొచ్చింది. గుండెపోటట. ఎక్కాల్సిన ఆటో వెళ్లిపోయినా అక్కడే ఉండిపోయాను.

ఆయన కాలేజీలో నేరశాస్త్రం చెప్పేవారు. తండ్రి బతుకుతెరువుకి ఈ పరభాషా ఊరొచ్చి, ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరయ్యాడు. ఆ షాపులో మనిషిని పేరుతో కాక టికెట్ నంబరుతో పిలిచేవారట. మాస్టారి పరిశోధనలోకీ అదే అలవాటు వచ్చింది. దొంగతనం కేసుల్లో పోలీసులు పట్టుకెళ్లిన కుర్రాళ్ల మీద ప్రభుత్వ నిధులతో చేసిన పని అది; అందులో నేను ఆయన సహాయకురాలిని. మాతో మాట్లాడినవాళ్లందరికీ నంబర్లిచ్చి, పేర్ల జాబితా నాచేత బట్టీ పట్టించి, కాగితాన్ని పొయ్యిలో పెట్టేశారు. "పేరు రాసినామంటే మనిషిని అప్పగించేసినట్టేనమ్మా" అనేవారు. టీ కలుపుతూ ఉన్నట్టుండి "ఇరవై రెండెవరు?" అని అడిగేవారు. తడుముకుంటే టీ ఇచ్చేవారు కాదు, అంత మొండి మనిషి. నాకు పని నేర్పిందీ, నోరు అదుపులో పెట్టుకోవడం నేర్పిందీ ఆయనే.

పదిహేడు ఒక తల్లి. పోలీస్ స్టేషన్లో తన కొడుకును ఎవరు, ఎలా కొట్టారో చెప్పింది. మా నివేదికలో నాలుగో అధ్యాయమంతా 'పదిహేడు' పేరిట ఆమె మాటే. దాన్ని తీసేయమని నిధులిచ్చిన శాఖ రాసింది. మాస్టారు తీయలేదు. అయితే పేర్లివ్వండి, సరిచూసుకుంటామని మళ్లీ రాసింది. ఇవ్వలేదు. నిధులు ఆగిపోయాయి. క్లాసులు తీసేసి ఆయన్ను మూలగదిలో కూర్చోబెట్టారు. "ఏటైపోద్ది? కూసోడానికి కుర్చీ ఉంది కదా" అని నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసేది.

పదో రోజున న్యూ సెటిల్‌మెంటు కాలనీలో మాస్టారింటికి వెళ్లాను. శాఖ నుంచి ఒకాయన అప్పటికే వచ్చి కూర్చున్నాడు. మన తెలుగువాడే, మంచి మర్యాదస్తుడు.

"సారు కాయితాలేవైనా ఉంటే సూసుకుందామని వచ్చినానమ్మా. తొందరేటీ లేదు."

ఏమీ లేవన్నాను.

అంతలో ఒకామె గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. వంటింట్లో ఉన్న మాస్టారి భార్యకు వినపడేలా, ఆ ఇంట్లో ఎప్పుడూ అనుకునే తీరునే, "అమ్మగారూ, పదిహేడు వచ్చింది" అన్నాను.

అన్నాకగానీ ఏం చేశానో తెలియలేదు. శాఖాయన టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

ఆమె ఫొటో ముందు నిలబడి, "నా మాట నమ్మినాడు బాబు" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. మాస్టారూ, నన్ను క్షమించండి అని నేనూ ఆ ఫొటోకే చెప్పుకున్నాను. కాసేపటికి ఆమె వెళ్లిపోయింది.

"మరొస్తానమ్మా" అని ఆయనా లేచాడు. వరండాలో కూర్చుని ఒక బూటు తొడుక్కుని, నిదానంగా లేసు కట్టుకున్నాడు. తలెత్తి ఆమె ఏ సందులోకి తిరిగిందో చూశాడు. తర్వాత రెండో బూటు అందుకున్నాడు.