పోలయ్యన్నకు కనపడని బంతి

మొన్న మా ఇంటి తలుపులకు రంగు వేయడానికి వచ్చిన మనిషి అవిసె నూనె డబ్బా మూత తీశాడు. ఆ వాసనకు చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. బిట్రగుంట రైల్వే కాలనీలో పోలయ్యన్న తన బ్యాటుకు ఆ నూనే పట్టించేవాడు. పసిబిడ్డకు రాసినంత మురిపెంగా రాస్తుంటే, ఇంజను మీద నన్ను గద్దించే డ్రైవరు ఈయనేనా అనిపించేది.

అరవైల మొదట్లో నేను ఆయన ఇంజను మీద పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌ని. మా ఇంజన్ల షెడ్డు క్రికెట్ జట్టులో ఆయన తర్వాత బ్యాటు పట్టేవాణ్ణి కూడా. పోలయ్యన్నది సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఊరు. కుర్రతనంలో ఇసుకలో పడవ తెడ్డుతో బంతిని బాదుతుంటే, షికారుకు వచ్చిన రైల్వే ఆఫీసరొకాయన చూసి, జట్టు కోసమని షెడ్డులో ఇంజన్లు తుడిచే పనిలో పెట్టించాడట. అక్కణ్ణించి ఫైర్‌మన్, ఆ తర్వాత డ్రైవరు. అవి వలలు లాగిన భుజాలు. కాలు కదపకుండా కొడితే బంతి గ్రౌండు దాటి బొగ్గు గుట్ట మీద పడేది. నిదానంగా ఆడటం ఆయన వల్ల కాదు, కెప్టెను బతిమాలినా ఆడడు. గూడూరు జట్టో కావలి జట్టో వచ్చిందంటే కాలనీ ఆడవాళ్ళు వంటలు ముందే ముగించుకొని వచ్చి కూర్చునేవారు. ఆ బ్యాటే లేకుంటే ఈపాటికి సముద్రంలో ఉండేవాణ్ణని ఆయనే నవ్వుతూ చెప్పేవాడు.

ఇంజను మీద మాకొక పద్ధతి ఉంది. దూరాన సిగ్నల్ కనపడగానే డ్రైవరు, ఫైర్‌మన్ ఇద్దరూ దాన్ని పైకి చెప్పుకోవాలి. దారి ఇచ్చి ఉంటే సిగ్నల్ చెయ్యి కిందికి వాలి ఉంటుంది, అప్పుడు "పడింది" అనాలి. ఒక వేసవి నుంచి పోలయ్యన్న ఎప్పుడూ నన్నే ముందు చెప్పమనేవాడు. నాకు పని నేర్పుతున్నాడనుకొని పొంగిపోయాను. ఆయన కూడా తనకు తాను అలాగే చెప్పుకున్నాడేమో.

ఆ ఏడు పోటీల్లో ఫైనల్‌కు ముందు ఆట. అవతలి కుర్రాడు మెల్లగా వేసిన బంతి, పోలయ్యన్న బ్యాటు ఊపేలోపే వికెట్లు పడగొట్టింది. జనం నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం కోపం తెచ్చుకోలేదు. రేకుల పంచ కింద కూర్చొని ప్యాడ్లు విప్పుతూ నాతో మెల్లగా అన్నాడు. "బంతి నాకు కనపళ్ళేదు అబ్బయా. సిగ్నలు గూడా నువ్వు చెప్పినాకనే కనపడతా ఉండాది."

తెల్లారితే డాక్టరు దగ్గరకు పోతానన్నాడు. ఆట ఎలాగో గెలిచాక జట్టంతా ఆయన చుట్టూ మూగింది. కళ్ళు పోయాయని తేలితే డ్రైవరు పని పోతుంది, జట్టులో చోటూ పోతుంది. వచ్చే ఆదివారం ఫైనల్, అది ఆడి పోతే కొంప మునగదు కదా అని కెప్టెను నచ్చజెప్పాడు. గుడ్డిగా ఊపినా నాలుగు దెబ్బలు తగులుతాయన్నాడు. సిగ్నల్ చూడటానికి ఎలాగూ వీడున్నాడని నన్ను చూపించాడు.

పోలయ్యన్న బ్యాటును గోడకు ఆనించాడు. "వీడు పొయ్యిలోకి చూస్తా బొగ్గేసేటప్పుడు సిగ్నల్ ఎవురు చూస్తారు? బంతి కనపడకుంటే నేనొకణ్ణే అవుటవతా. ఎనకాల పెట్టెల్లో నిద్రపొయ్యే వాళ్ళేం చేసినారు?"

మర్నాడు ఆయన డాక్టరు దగ్గరకు పోనే పోయాడు. ఇక ఇంజను ఎక్కవద్దని రాసేశారు. ఆదివారం మేము ఓడిపోయాము. ఆయనకు సిగ్నల్ దీపాలు తుడిచి నూనె పోసే పని ఇచ్చారు. ఆ చేతులకు అవిసె నూనె వాసన పోయి కిరసనాయిలు వాసన వచ్చింది. నాకది చూడబుద్ధి కాలేదు.

కొన్నేళ్ళకు నేనూ డ్రైవరునయ్యాను. ఒక సాయంత్రం స్టేషన్లో బండి ఆగితే, ఆయన ఇంజను దగ్గరకు వచ్చి కమ్మీ పట్టుకొని పైకి చూశాడు.

"దీపాలు బాగా కనపడతా ఉండాయా అబ్బయా?"

మైలు దూరం నుంచి కనపడుతున్నాయన్నాను. బొగ్గు గుట్ట మీద బంతి పడ్డ రోజుల్లో కూడా ఆయన ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు.

నేను రిటైరై చాలా కాలమైంది. నెల్లూరులో ఆటోలో పోతూ కూడలి దగ్గర పచ్చ దీపం వెలగగానే "పడింది" అని పైకి అనేస్తాను. డ్రైవరుకు కనపడదా తాతా అని మనవరాలు నవ్వుతుంది. కనపడుతుందిలే అమ్మా అంటాను. మళ్ళీ కూడలి వస్తే మళ్ళీ చెబుతాను.