పథ్యం తప్పనివాడు

ఈ సంగతి ఎవరో ఒకరు రాసిపెట్టాలి. జ్వరం వచ్చి తగ్గినవాళ్ల గురించీ, పోయినవాళ్ల గురించీ మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాలున్నాయి. తగ్గకుండా, పోకుండా మిగిలిపోయినవాడి గురించి ఒక్కటీ లేదు. ఏడో తరగతితో బడి మానేసినా అక్కడి మూడు బీరువాలూ రెండేసిసార్లు చదివినవాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

నేను కోనసీమలో కొబ్బరికాయలు దింపే పనివాణ్ణి. చికున్‌గున్యా వచ్చిన ఏడు మా వీధిలో ప్రతి ఇంటా ఎవరో ఒకరు మంచం పట్టారు. రెండు మూడు వారాలకు అందరూ లేచారు. నాకు జ్వరం పోయింది గాని, పొద్దున్నే వేళ్లు ముడుచుకునేవి కావు. చీలమండలు వాచి నేల మీద అడుగు పడేది కాదు. రాజమండ్రిలో డాక్టరు గారు రక్తపరీక్షల కాగితాలు చూసి, "అన్నీ బానే ఉన్నాయయ్యా, మనసు గట్టి చేసుకో" అన్నారు.

మా ఊళ్లో దింపుకు ఒక కట్టుబాటుంది. ఒక తోట ఒకే మనిషిది. రెండు నెలలకోసారి వచ్చే దింపుకు ఆ మనిషి వరసగా మూడుసార్లు ఎక్కకపోతే, బదులు మనిషిని పెట్టినా సరే, ఆ తోట ఇంకొకడికి పోతుంది. నావి నాలుగు తోటలు. రెండు దింపులు నా బదులు మా బావమరిది ఎక్కాడు.

ఈలోగా ఊరు తీర్పు చెప్పేసింది. నేను పథ్యం తప్పానట. వంకాయ తిన్నానని ఒకరు, గోంగూర తిన్నానని ఒకరు. "బీరకాయ, పెసరకట్టు తప్ప ఇంకోటి పెట్టలేదండి, ఒట్టు" అని మా ఆవిడ ఇంటింటికీ చెప్పుకుంది. ఒకరోజు నేనే అడిగాను, "నిజం చెప్పు, కూరలో ఏం కలిపావే?" అని. అది నా చేతులు వేణ్ణీళ్లలో ముంచి ఒక్కొక్క వేలే వంచింది. అన్ని పుస్తకాలు చదివినవాడి నోట వచ్చిన మాట అది.

గ్రంథాలయం చూసే మాస్టారు రాజమండ్రి నుంచి ఒక వైద్యపుస్తకం తెచ్చిపెట్టారు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషులోనే చదివాను. కొందరికి ఈ నొప్పులు నెలలు, ఏళ్లు ఉంటాయట. ఎందుకో పూర్తిగా తెలియదట. వంకాయ ఊసే లేదు. మూడో దింపు ముందురోజు ఆ పుస్తకం పట్టుకుని నా నాలుగింట్లో పెద్ద తోట రైతు గారింటికి వెళ్లాను.

"ఇందులో రాసుందండి. నా తప్పు కాదండి. కొన్నాళ్లు ఆగండి."

ఆయన పుస్తకం ముట్టుకోలేదు. "ఓర్నీ! పుస్తకం ఎక్కుద్దేంట్రా చెట్టు? రేపు నువ్వెక్కు, చూద్దాం."

ఎక్కాను. రెండు నిలువుల ఎత్తు వెళ్లేసరికి పట్టు జారింది. మానును కావలించుకుని కిందికి జారాను, రొమ్ము తోలు లేచిపోయింది. కింద బావమరిది అప్పటికే చెట్టెక్కే తాడు బంధం కాళ్లకు వేసుకుని ఉన్నాడు.

"తప్పుకో బావా. కాయలు నీకోసం ఆగుతాయేంటి?"

మిగతా మూడు తోటలవాళ్లూ సాయంత్రానికల్లా అతనికే కబురు పెట్టారు.

పుస్తకం రాసినవాళ్లు చివర సాయం చేసినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెబుతారు. ఒకే ఊళ్లో బతకాలి కాబట్టి నేను వరసలతో సరిపెడుతున్నాను. నా మాట నమ్మి బస్సెక్కి వెళ్లిన మాస్టారికి. నేను నమ్మకపోయినా నా వేళ్లు వదలని మా ఆవిడకు. బావమరిదికి కూడా రాయాలి, రెండు దింపులు నాకోసమే ఎక్కాడు. మూడోది తనకోసం ఎక్కాడు.