జెట్ విమానానికి దసరా పూజ

అప్పుడు నేను వరంగల్‌లో డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్నాను. ఎన్‌సీసీ పిల్లలకు చూపించడానికని వాయుసేన పక్కన పెట్టేసిన పాత జెట్ యుద్ధవిమానం ఒకటి తెచ్చి మా కాలేజీ మైదానంలో నిలబెట్టారు. దసరా సెలవులు ఇచ్చే రోజున మగపిల్లలు దానికి కూడా ఆయుధపూజ చేశారు. ముక్కుకు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు.

“ముందర ఫంకా లేకుండ ఇదెట్ల ఎగురుతది?” అని ఎన్‌సీసీ సారు మా అందరినీ అడిగారు. లైబ్రరీలో చదివి ఉన్నాను కనుక మొదటిసారి నోరు విప్పాను. “లోపల చమురు మండి, వేడిగాలి వెనక్కి చిమ్ముతుంది సార్. ఆ ఊపుకు ముందుకు పోతుంది.”

సారు మెచ్చుకుని వెళ్లిపోయారు.

“గంత తెలిస్తే నువ్వే నడుపరాదక్కా!” అంటూ మగపిల్లలు నేను వద్దన్నా నన్ను నిచ్చెన ఎక్కించి, సీట్లో కూర్చోబెట్టి, నిచ్చెన లాగేశారు. “జెట్టమ్మ తల్లికి జై!” అని హారతి తిప్పారు. మైదానమంతా నవ్వులే. దూకుదామంటే భయం, ఏడుద్దామంటే సిగ్గు.

నన్ను తీసుకుపోవడానికి వచ్చిన నాన్న అదంతా చూశాడు. ఎవరినీ ఏమీ అనకుండా తానే నిచ్చెన వేసి దింపాడు. రిక్షా ఎక్కాక ఒక్కటే మాట అన్నాడు.

“జవాబు చెప్పుమని నిన్నెవరడిగిండ్రు?”

సెలవులయ్యాక ఆ పిల్లలందరూ కాలేజీకి వెళ్లారు. నన్ను పంపలేదు. సారే అడిగారన్న జవాబు ఇప్పటికీ నా నోట్లోనే ఉంది.