రోజుకొకటి ఎక్కువ

మే నెల వచ్చిందంటే గేన్యా ఇంట్లో రాత్రి వంట ఆరింటికల్లా అయిపోవాలి. ఆవుల పాలు పితకడం, బంగాళదుంప అట్లు పోయడం, చేతులు కడుక్కుని తలకు రుమాలు చుట్టుకోవడం, అన్నీ ఒక్క ఊపులో. ఏడింటికి ఆమె ఊరి మలుపులో రోడ్డు పక్కనున్న సిలువ దగ్గర ఉండి తీరాలి. ఆమె గొంతెత్తితే గానీ మే నెలంతా ఏసు తల్లి మరియమ్మకు చేసే సాయంత్రం ప్రార్థన మొదలవదు. ఆమె మరియమ్మను ఒక్కో బిరుదుతో పాడి పిలవాలి, ఊరంతా "మా కొరకు వేడుకొనుము" అని అందుకోవాలి. యాభై పైచిలుకు పిలుపులు, పుస్తకం ముట్టకుండా. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే వరస. జనానికి అదెంత నోటికొచ్చేసిందంటే, ఆమె పిలుపు సగంలో ఉండగానే జవాబు తోసుకొచ్చేసేది.

"కాస్త ఆగి చావండర్రా! మరియమ్మ ఎక్కడికీ పారిపోదు," అని పాట మధ్యలోనే కసిరేది గేన్యా. తరవాతి పిలుపుకీ అంతే, ఎవరూ ఆగేవారు కాదు.

ఈ ఏడు మే నెల వచ్చింది గానీ గొంతు రాలేదు. మార్చిలో ఆమె మెడలో గడ్డ తీశారు. ప్రాణానికి భయం లేదు, కానీ గొంతు పడిపోయింది. "వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు," అన్నాడు డాక్టరు. నోరు తెరిస్తే కుక్కరు చల్లారేటప్పుడు వచ్చే సుయ్‌మనే చప్పుడు తప్ప మరేమీ లేదు. దానికి తోడు మొగుడు చెషెక్‌కి పుట్టెడు చెవుడు. సిలువ దగ్గర ఎప్పుడూ ముందు వరసలో నిలబడి, ఆమె పెదాలు చూసి జవాబు అందుకునేవాడు. అయితే ఆమె తిట్టేటప్పుడు మాత్రం ఆయనకి పెదాలూ కనపడవు. అందుకని ఆమె గోడ కేలండరు కాగితాలు చింపి రాసేది. "చారు పొయ్యి మీద ఉంది. నువ్వు గాడిదవి," అని ఉండేది ఏప్రిల్ నాటి ఒక కాగితం మీద. చెషెక్ దాన్ని మడిచి జేబులో దాచుకున్నాడు.

గేన్యా నవ్వేది, పనులు చేసేది, కానీ ప్రార్థన మానేసింది. జపమాల గుండీల డబ్బాలో పడేసింది. ఆమెకి కోపం. 'ముప్పై ఒక్క ఏళ్ళు నీకు పాడిన గొంతు మీదే నీ కన్ను పడాలా తల్లీ? చెయ్యో కాలో తీసుకోకూడదూ?' అని లోపల్లోపల మరియమ్మతో పోట్లాడేది. పాడలేని మనిషి ఆ సిలువ దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని వెళుతుంది? ఇక జన్మలో వెళ్ళకూడదనుకుంది.

ఆమె బదులు ఆడపడుచు బ్రోనియా పాడసాగింది. బ్రోనియాకి పుస్తకం కావాలి, కళ్ళజోడు కావాలి, గొంతేమో గడ్డివాము మీద కోడిది. మొదటి సాయంత్రం వంటింటి కిటికీలోంచి వింటూ గేన్యా పళ్ళు నూరింది. "రోగుల ఆరోగ్యమా" అన్న పిలుపు దగ్గరికి వచ్చి బ్రోనియా దాన్నే మళ్ళీ పాడింది! 'వరస తప్పింది, మొద్దు,' అనుకుంది గేన్యా. రెండో రోజు అదే పిలుపు మూడుసార్లు. మూడో రోజు నాలుగు. బురదలో దిగబడ్డ బండిలా అక్కడే తిరుగుతోంది. ఊరి జనమన్నా చెప్పరే!

తొమ్మిదో రోజు పదిసార్లు పాడేసరికి గేన్యా ఇక ఆగలేకపోయింది. చేతికంటిన పిండితోనే, ఇంటి చెప్పులతోనే, పిల్లి వెంటరాగా వీధిలోకి వచ్చి పడింది. సిలువ చుట్టూ కట్టిన నీలం రిబ్బన్లు గాలికి ఎగురుతున్నాయి. పాతిక మంది ఉన్నారు. తిన్నగా వెళ్ళి బ్రోనియా చేతిలో పుస్తకం లాక్కుంది.

"కళ్ళు పోయాయా? మరియమ్మకి అదొక్కటే పేరా?" అని సుయ్‌మంది.

"గట్టిగా చెప్పు వదినా, వినపడటం లేదు," అంది బ్రోనియా. ఎవరో కిసుక్కున నవ్వారు.

గేన్యా పుస్తకంలో ఆ వాక్యం మీద పిండి వేలితో టకటకా కొట్టి చూపించింది.

"అదా! వరస తప్పలేదు వదినా. నీ కోసమే, నువ్వు రాని రోజుకి ఒకటి చొప్పున ఎక్కువ పాడుతున్నాం. నీ మొండితనం నాకు తెలీదా? నెలాఖరుకి ముప్పై రెండవుతుందని భయపడి చస్తున్నాం."

"నా మోకాళ్ళు చూడు గేన్యా," అన్నాడు ముసలి జెనోన్ నేల మీంచి. "ఆ ఒక్క పిలుపంతసేపూ మోకరించాలని నీ మొగుడే రూలు పెట్టాడు. ఇంకో వారం నువ్వు రాకపోతే నన్ను ఎత్తుకెళ్ళాల్సిందే."

గేన్యా చెషెక్ వైపు చూసింది. ఆయన చెట్ల వైపు చూస్తున్నాడు. ఆమెకి ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది. రెండూ ఒకేసారి వచ్చి, చేత్తో తుడుచుకోబోతే ముక్కంతా పిండి అయింది.

"నాకు గొంతేదే?" అని బ్రోనియా చెవిలో ఊదింది గేన్యా.

"మా దగ్గర బోలెడుంది. నువ్వు పిలువు," అంది బ్రోనియా.

గేన్యా రుమాలు లేని తల సవరించుకుని మొదటి నుంచీ మొదలుపెట్టింది. పెదాలు కదిలాయి, సుయ్‌మని గాలి వచ్చింది, అంతే. వెనక వరస వాళ్ళకి ఆమె మొదలెట్టిందో ముగించిందో తెలియలేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు ముందు వరసలోంచి, ఆమె పెదాల మీదే చూపు నిలిపిన చెవిటి చెషెక్, ఊరు దద్దరిల్లేలా అందుకున్నాడు. "మా కొరకు వేడుకొనుము!" ఊరంతా ఆయన వెనకే అందుకుంది.

అలా ఒక్కో పిలుపూ సాగింది. "రోగుల ఆరోగ్యమా" ఒక్కసారే పాడారు. జెనోన్ నిలబడే పాడాడు. చివరిదాకా గేన్యా ఎవరినీ కసరలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి, ఆమె పిలుపు పూర్తయ్యేదాకా అందరూ ఆగారు.