బూడిద తిన్న బేరిచెట్లు

సఫర్‌మో నోరు మంచిది కాదని ఊరంతా అనేది. నిజమే, కాదు. పొరుగింటి కోడి గోడ దాటితే కోడినీ, కోడి గలవాళ్లనూ కలిపి కడిగేసేది. తోటలోకి అడుగుపెడితే మాత్రం ఆ గొంతే వేరు. మగడు పోయాక, జరఫ్షాన్ ఏటి ఒడ్డునున్న ఆ బేరితోటతోనే ఆమె మాటా మంతీ.

ఆ తోటకు ఏదో పట్టింది. నడివేసవి రాగానే ఆకుల అంచులు ఎవరో దీపానికి చూపినట్టు మాడిపోయేవి. కాయ ఎదక్కుండానే ఆగిపోయేది, కొరికితే పంటి కింద ఇసుక. పంజకెంత్ పట్నం నుంచి తోటల తెగుళ్లు చూసే జమీరా వచ్చి ఓ ఆకు తుంచి తిప్పి చూసింది.

“తెగులు కాదు ఖోలా,” అంది, పిన్నిని పిలిచినట్టు. “ఆకలి. నేలలో పొటాష్ లేదు. కాయకు బరువూ తీపీ ఇచ్చేది అదే. బస్తా ఎరువు దొరక్కపోతే కట్టెల బూడిద వేయండి. మొదలుకు తగలకుండా, కొమ్మల చివర్ల కింద చుట్టూ చల్లి నీళ్లు పెట్టండి. మీ ఊళ్లో బూడిదకేం కరువు?”

కరువేమీ లేదు. ఊరి చివర గుట్టంత ఉంది. వచ్చిన చిక్కల్లా అదే.

ఆ ఊళ్లో పొయ్యిబూడిదను ఎక్కడ పడితే అక్కడ పొయ్యరు. బిస్మిల్లా అనుకుంటూ ఆ గుట్ట మీదే పోసి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. బూడిదలో అజినా అనే దయ్యం కాపురముంటుంది. జ్వరం పడ్డ పిల్లలకు దిగదుడిచి, కాల్చిన గుడ్డపేలికలు పడేసేదీ అక్కడే. తాతల నాటి నుంచి ఊరి రోగాలన్నీ ఆ గుట్టలోనే పడుకున్నాయి. ముఖ్యంగా కడుపుతో ఉన్న మనిషి పాదం బూడిదకు తగలకూడదు. తగిలిందా, ఆ బిడ్డ అజినాదే.

సఫర్‌మో పట్టపగలే గాడిదను తోలుకెళ్లి, రెండు చేతులతో ఎత్తి గోతాలు నింపుకొచ్చింది. పొరుగింటి అన్బర్ ముసలమ్మ గోడ మీంచి చూసి గుండెలు బాదుకుంది.

“ఒసేయ్, నీకేం పోయేకాలమే! దాన్ని కదిలించావా?”

“చెట్లు చస్తుంటే అజినాకు పరుపు సర్ది కూచోమంటావా?”

“అడిగే తెచ్చావా?”

“ఎవర్నడగాలి?”

 అన్బర్ చెడు సోకకుండా తన గౌను మెడలోకి తూ తూ అని ఉమ్మేసుకుని లోపలికి పోయింది.

బూడిదలో పోసిన పన్నీరంటారు గానీ, అక్కడ పన్నీరే బూడిదలోంచి పుట్టుకొచ్చింది. మరుసటేడు ఆకు అంచు మాడలేదు. కాయలు గుప్పిట పట్టనంత ఊరాయి. తీపి ముదరాలని సఫర్‌మో వేసవిలో ఇంకో విడత చల్లింది. కానీ పండు అంత వాసన వేస్తున్నా ఒక్క పిట్ట వాలలేదు, ఒక్క కందిరీగ రాలేదు. గాలి లేని మధ్యాహ్నాల్లో ఏదో ఒక్క చెట్టే కదిలేది. తడి పెట్టిన నేల మీద చెయ్యి ఆనిస్తే, పొద్దున ఆర్పిన పొయ్యిలా వెచ్చగా తగిలేది. ఆమెకు భయమేసింది. అంత నోరున్న మనిషీ ఎవరికీ చెప్పలేదు.

కోడలు నిగోరాకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. ఈ బిడ్డ కోసం ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. తోట వైపు పోవద్దని అత్త చెప్పిందే గానీ, ఎందుకో చెప్పలేదు. అదీ ఆమె చేసిన తప్పు.

ఒక మధ్యాహ్నం సఫర్‌మో నమాజు ముగించి బయటికొచ్చేసరికి, నిగోరా చెట్టు కింద వట్టి కాళ్లతో నిలబడి పండు తింటోంది. చీలమండల దాకా బూడిద.

“ఏం తీపమ్మా! అవునూ, ఇక్కడ నేలేమిటి ఇంత వెచ్చగా ఉంది?”

మర్నాటికి కడుపులో కదలిక ఆగిపోయింది. కొడుకు షోదీ జీపు తెచ్చి పెళ్లాన్ని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాడు. “రా అమ్మా, ఎక్కు!” అని అరిచినా సఫర్‌మో ఎక్కలేదు. తిన్నగా బూడిదగుట్ట దగ్గరికి పోయి, మోకాళ్ల మీద పడి, మోచేతుల దాకా చేతులు లోపలికి దూర్చింది.

“అడక్కుండా తీసింది ఈ చేతులు. పగ వీటి మీద తీర్చుకో. నా బిడ్డకు బిడ్డనివ్వు, ఈ చేతులతో దాన్ని జన్మలో ముట్టను.”

బూడిద అడుగున ఏదో ఆమె వేళ్లను పట్టుకుంది. చిన్నపిల్ల పట్టు. కాసేపు అలాగే పట్టుకుని, వదిలేసింది.

తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. నిక్షేపంగా ఉంది. ఇంటికి తెచ్చి, “ఎత్తుకో అమ్మా” అంటూ నిగోరా పొత్తిళ్లు చాపింది. సఫర్‌మో చేతులు వెనక్కి పెట్టుకుంది. ఒప్పందం బయటపెడితే చెల్లదేమోనని నోరు విప్పలేదు.

“ఆడపిల్లనే కదూ ఎత్తుకోవు!” అంది నిగోరా. ఆ మాట అత్త గుండెల్లో దిగబడిపోయింది. షోదీ నెలల తరబడి తల్లితో మాట్లాడలేదు.

ఇప్పుడు పిల్ల మెహ్రోనాకు నాలుగో ఏడు. ఆ తోట బేరిపళ్లు వసంతంలో వచ్చే నౌరోజు పండగ దాకా కుళ్లవని ఎక్కడెక్కడివాళ్లో వచ్చి కొనుక్కుపోతారు. పిల్ల పడితే సఫర్‌మో లేవనెత్తదు, “నిగోరా, నిగోరా!” అని కేకలు పెడుతుంది. అయితే ముట్టనన్నది చేతులతోనే కదా. సాయంత్రాలు చెట్టు కింద కూచుని వీపు అప్పగిస్తుంది. పిల్ల దానికి ఆనుకుని ఆడుకుంటుంది. ఆ కాస్త వెచ్చదనం కోసమే ఆ మనిషి పొద్దు గడుపుతుంది.

మొన్న అలాగే కూచుంటే, పిల్ల ముందుకొచ్చి నానమ్మ ఒళ్లోకి వంగి చూసింది.

“బీబీ, నీ చేతులు పట్టుకుని కూచుందే, ఆ పిల్లెవరు?”

సఫర్‌మో తల దించి చూసుకోలేదు.

“నువ్వు వెనక్కి రా తల్లీ,” అంది. “వచ్చి నా వీపుకు ఆనుకో.”