హాజరు పుస్తకంలో లేని గొంతు

మా తెలుగు సంఘపు గాయకబృందం సీడీలను కంప్యూటరులోకి ఎక్కించే పనిని గత వారం నేనే తలకెత్తుకున్నాను. ఈ ద్వీపాల తేమకు కొన్ని సీడీలు అప్పటికే బూజు పట్టాయి. కొత్త కంప్యూటర్లలో సీడీ పెట్టే చోటే ఉండదట. ఫెరార్గంజ్‌లో ఒక మిత్రుడి దగ్గర పాత కంప్యూటరు దొరికితే, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ప్రోతరాపూర్ తెచ్చుకున్నాను. తీరా మొదటి సీడీ పెట్టగానే, మా బృందం పేరు ఉండవలసిన చోట ఆ యంత్రం 'తెలియని గాయకులు' అని చూపింది. ప్రతి సాధనకూ హాజరు వేసిన కార్యదర్శిని నేను. నాకు తెలియని గాయకులా? ఒళ్ళు మండి, పాత హాజరు పుస్తకం తెరిచి, ఒక్కొక్కరి పేరూ టైపు చేయడానికి కూర్చున్నాను. పాట ఎక్కుతున్నంతసేపూ హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఎక్కడైనా తెగిందేమోనని వింటూ, విన్నది కాగితం మీద రాసుకున్నాను.

ఏడవ పాట చివరి చరణం దగ్గర నా కలం ఆగింది. అందరి గొంతుల వెనుక, కాస్త దూరం నుంచి, ఇంకొక గొంతు. చివరి స్వరాన్ని మిగతావారు వదిలేశాక కూడా ఒక్క క్షణం నిలిపి, మెల్లగా దించింది. అలా దించగలిగినది మా బృందంలో ఒక్కరే: మా తమ్ముడి భార్య. ఆ రోజు హాజరులో ఆమె పేరు లేదు.

ఆ రికార్డింగు మా సంఘపు మందిరంలోనే జరిగింది. ఫ్యాన్ల చప్పుడు పడకూడదని వాటిని ఆపి, కిటికీలు తెరిచి ఉంచాము. మూడు గంటలకు గంట కొట్టగానే హాజరు ముగుస్తుందనీ, అందులో ఉన్న పేర్లే సీడీ అట్ట మీద అచ్చవుతాయనీ నియమం పెట్టినది నేనే. మా మరదలు అప్పట్లో ఫెరార్గంజ్ బడిలో పనిచేసేది. దారిలో బస్సు చెడిపోయి, మూడు పాటలు పూర్తయ్యాక, చెమటతో తడిసిన చీరతో గుమ్మంలో నిలబడింది. ఏదో చెప్పబోయింది. నేను వరండా వైపు వేలు చూపి, పుస్తకం మూసేశాను. తరువాత, కిటికీ పక్కన నిలబడి తానూ పాడానని ఆమె చెప్పింది. రాతలో లేనిది జరగనట్టేనని మా తమ్ముడితో అన్నాను. ఆమె వాదించలేదు, బృందానికి రావడం మానేసింది. ఇంటికి వెళ్ళినప్పుడల్లా టీ ఇచ్చింది గనుక నా మాట ఒప్పుకుందనే అనుకున్నాను. తరువాత ఆపరేషన్ జరిగి ఆమె గొంతు బొంగురుపోయింది. ఆమె పాట మిగిలింది ఆ ఒక్క సీడీలోనే.

మరునాడు ఆ పాటను ఫోనులో వేసుకుని, హాజరు పుస్తకం పట్టుకుని ఆస్టినాబాద్‌లోని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆమె చివరిదాకా తల వంచుకుని విన్నది.

"పాడానని అప్పుడే చెప్పాను కదా బావగారూ," అన్నది ఆ బొంగురు గొంతుతోనే. "నా సాక్ష్యం చాలలేదు. ఈ మషీన్ గవాహీ ఇస్తే గానీ నమ్మరన్నమాట."

మా తమ్ముడు ఇబ్బందిగా కదిలాడు. "ఛోడో నా, పాత బాత్ అది."

"మీరాగండి. బావగారిని చెప్పనివ్వండి."

జీవితంలో నేను చాలామంది తప్పులు కాగితం మీద పెట్టాను. నా తప్పును నోటితో చెప్పడం మాత్రం అలవాటు లేదు. "తప్పు నాదేనమ్మా," అన్నాను. "నువ్వు వచ్చావు. నేనే పుస్తకం మూశాను."

ఆమె మళ్ళీ పెట్టమని ఫోను వైపు సైగ చేసింది. రెండవసారి పాట ముగిశాక, గాయకుల వరుసలో నీ పేరు ఎక్కడ రాయమంటావని అడిగాను.

"చివర్న రాయండి," అన్నది. "లేటుగానే వచ్చాను కదా."

ఆమె ఎదుటనే పుస్తకంలో రాశాను. పాట నిడివి మూడున్నర నిమిషాలు. దానిని సరిగా వినడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది.